క్రిస్మస్ చెట్టుతో వచ్చే పురుగులు: జాగ్రత్త గదిలో కాదు, గుమ్మం బయట

క్లుప్తంగా: పొలంలో పెరిగిన అసలు క్రిస్మస్ చెట్టుతో పాటు కొన్ని పురుగులు, వాటి గుడ్లు ఇంట్లోకి రావడం మామూలే. వాటిలో చాలావరకు పైన్, ఫర్ జాతి చెట్ల మీదో వాటి బెరడులోనో తప్ప బతకలేవు. ఇంటి వేడికి, పొడి గాలికి కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి. చెట్టును లోపలికి తేకముందే దులిపి, వెతికి చూస్తే సమస్య చాలావరకు బయటే ఆగిపోతుంది. గదిలో స్ప్రే కొట్టడం వల్ల లాభం కన్నా ప్రమాదమే ఎక్కువ. నిజంగా నష్టం చేయగల పురుగులు కొన్ని ఉన్నాయి గానీ, ఆ నష్టం ఇంటికి కాదు, ఊరి చెట్లకు. అది జరిగేది కూడా పండగయ్యాక చెట్టును పారేసేటప్పుడు.

నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ మర్నాటి నుంచి అమెరికాలో క్రిస్మస్ చెట్ల అమ్మకాలు జోరందుకుంటాయి. ఒక్క సీజన్‌లో అక్కడ రెండున్నర నుంచి మూడు కోట్ల దాకా అసలు చెట్లు అమ్ముడవుతాయని చెట్లు పెంచే రైతుల సంఘం లెక్క. కొనేవాళ్లలో డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉంటాయి. క్రైస్తవులు కాని ఇళ్లలోనూ పిల్లలు అడిగారని చెట్టు పెడతారు. దాన్ని నిలబెట్టి, లైట్లు చుట్టి, ఫొటోలు దిగిన రెండు మూడు రోజులకు కిటికీ అద్దం మీదో సోఫా చేతి మీదో గోధుమరంగు, నలుపు చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. అక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది. ఇవి పిడుదులా? కుడతాయా? బియ్యం బస్తాలోకి వెళ్తాయా? గోడల్లో చెద పడుతుందా?

భయానికి ఒక అంకె కూడా తోడైంది. నార్వేలోని బెర్గెన్ యూనివర్సిటీ మ్యూజియం పరిశోధకులు 2012లో, ఒక్కో క్రిస్మస్ చెట్టు మీద పాతిక వేల దాకా చిన్న జీవులు ఉండవచ్చని చెప్పారు. ఏటా డిసెంబర్‌లో ఆ అంకె వార్తల్లోకి వస్తుంది. దానితో పాటు వాళ్లు చెప్పిన రెండో మాట మాత్రం అంతగా ప్రచారం కాలేదు. ఆ జీవుల్లో ఎక్కువ భాగం కంటికి సరిగా ఆనని నల్లులు (మంచాల్లో చేరి కుట్టేవి కావు, మొక్కల మీద ఉండే మైట్స్), బెరడు మీది బూజు తినే సూక్ష్మమైన పురుగులు. అవి చెట్టు దిగి రావు, ఇంట్లో నిలవవు. అంటే పాతిక వేల పురుగులున్న చెట్టుతోనే నెల గడిపి, ఒక్కదాన్నీ చూడని కుటుంబాలే ఎక్కువ.

చెట్టు మీద ఎవరుంటారు

ఆరేడు అడుగుల క్రిస్మస్ చెట్టు తయారు కావడానికి సాధారణంగా ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఎండా వానా మంచూ తింటూ పొలంలో నిలబడ్డ చెట్టు మీద ఏ జీవీ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. రైతులు మందులు వాడతారు గానీ, పురుగు అనేదే లేకుండా చేయడం వాళ్ల ఉద్దేశం కాదు. సూదుల్లాంటి ఆకులు రాలిపోకుండా, రంగు మారకుండా, ఆకారం చెడకుండా చూసుకుంటారు. చెట్టుకు నష్టం చేయని పురుగు జోలికి పోతే ఖర్చు తప్ప ఏమీ రాదు.

ఇంట్లో ఎక్కువగా కనిపించి, ఎక్కువ గాభరా పెట్టేది పేనుబంక. పత్తి, మిరప, వేరుశనగ వేసే రైతులకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేని పురుగు ఇది. ఫర్, పైన్ చెట్ల మీద ఉండేది దాని బంధువు, సినారా అనే రకం. మామూలు పేనుబంక కన్నా ఇది చాలా పెద్దది, కొన్ని నాలుగైదు మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. పొడుగు కాళ్లతో, ఉబ్బిన పొట్టతో, ముదురు గోధుమ రంగులో ఉండటంతో చాలామంది వీటిని పిడుదులనుకుంటారు. తేడా తెలుసుకోవడానికి ఫోన్ కెమెరా చాలు. ఫొటో తీసి పెద్దది చేసి కాళ్లు లెక్కపెడితే పేనుబంకకు ఆరు, పెద్ద పిడుదుకు ఎనిమిది. పేనుబంకకు తల మీద మీసాలుంటాయి, పిడుదుకు ఉండవు. పేనుబంక నోరు చెట్టు రసం పీల్చడానికే ఏర్పడింది. మనిషి రక్తంతో దానికి పని లేదు.

అయితే దాన్ని నలిపితే ఇబ్బందే. ఎరుపు, ఊదా కలిసిన మరక పడుతుంది. లేత రంగు కార్పెట్ మీద, సోఫా గుడ్డ మీద ఆ మరక ఓ పట్టాన పోదు. అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు పురుగు వల్ల కాకపోయినా, దాన్ని కాలితో తొక్కడం వల్ల డిపాజిట్‌లో కోత పడవచ్చు.

సాలెపురుగులు ఆ పేనుబంకను తినడానికి చెట్టెక్కినవే. ఇంటి మూలల్లో గూళ్లు కట్టే రకాలు కావు ఇవి. బయటి చలికి, కొమ్మల్లోని చిన్న పురుగుల వేటకు అలవాటుపడ్డవి కాబట్టి లోపల ఎక్కువ రోజులు ఉండలేవు. కొమ్మ మీద ఎర్రటి చుక్కల్లా పాకే నల్లులు కొన్ని చెట్టు రసం పీల్చేవి, మరికొన్ని వాటినే వేటాడి తినేవి. సూదుల మీద తెల్లటి మచ్చల్లా అంటుకుని ఉండేవి పొలుసు పురుగులు. కాండం మీద, కొమ్మల మొదళ్లలో దూది పింజల్లాంటి తెలుపు కనిపిస్తే అది అడెల్జిడ్ అనే పురుగు తన చుట్టూ అల్లుకున్న మైనపు నూలు. అమ్మకందారులు చల్లిన కృత్రిమ మంచేమోనని పొరపాటుపడేంతగా ఉంటుంది.

కాండానికి సన్నటి రంధ్రాలుండి, కింద రంపపు పొట్టు లాంటి పొడి రాలుతుంటే అవి బెరడు తొలిచే పెంకు పురుగులు. ఇంటి యజమానులు అన్నిటికన్నా ఎక్కువ భయపడేది వీటికే, ఎందుకంటే అమెరికాలో ఇళ్ల చట్రాలు చాలావరకు కలపే. ఈ పురుగుకు కావలసింది మాత్రం పచ్చి బెరడు, దాని కింది తడి. గోడల్లోని కలప ఎప్పుడో ఎండిపోయింది, దానిలో ఇవి గుడ్లు పెట్టలేవు. చెదలకూ వీటికీ సంబంధమే లేదు.

నిద్ర లేపేది హీటరే

నవంబర్‌లో ఓరెగాన్‌లోనో పశ్చిమ నార్త్ కరోలినా కొండల మీదో చెట్టును నరికే నాటికి దాని మీది జీవులు చలికాలపు నిద్రలోకి జారుకుంటూ ఉంటాయి. పురుగుల ఒంట్లో వేడి పుట్టదు. చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత ఎంతో వాటి ఒళ్లూ అంతే. చలి పెరిగితే కదలిక, ఆకలి, ఎదుగుదల అన్నీ మందగిస్తాయి. లారీలో రోజుల తరబడి వచ్చి, దుకాణం ముందు చలిలో నిలబడ్డంత కాలం ఇదే స్థితి. అందుకే కొనేటప్పుడు ఎంత వెతికినా కదిలే పురుగు కనిపించదు.

అదే చెట్టు ఇరవై రెండు డిగ్రీల గదిలోకి రాగానే, ఆ వెచ్చదనం పురుగు ఒంటికి వసంతంలా తగులుతుంది. పెద్ద పురుగులు ఒకటి రెండు రోజుల్లో కదులుతాయి. పేనుబంకలో కొన్ని ఆడవి మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటాయి కాబట్టి నిన్న లేనివి ఇవాళ పదుల సంఖ్యలో కనిపించవచ్చు. తర్వాత అవి వెలుతురున్న వైపు నడుస్తాయి. కిటికీల మీద, దీపాల దగ్గర గుంపుగా కనిపించడానికి కారణం ఇదే. అవి చెట్టును వదిలి ఇంటిని ఆక్రమించడానికి బయల్దేరాయనే భావన ఇక్కడే పుడుతుంది. నిజానికి అవి దారి తప్పినవి.

గుడ్ల సంగతి కొంచెం వేరు. కొన్ని రకాల గుడ్లు వెచ్చదనం తగలగానే పొదగబడవు. ముందు కొన్ని వారాలో నెలలో చలి తినాలి, ఆ తర్వాతే వెచ్చదనానికి స్పందిస్తాయి. మధ్యలో నాలుగు వెచ్చటి రోజులు వచ్చినంత మాత్రాన మోసపోకుండా ప్రకృతి పెట్టిన తాళం అది. స్పాంజీ మాత్ అనే రెక్కల పురుగు గుడ్లకు ఈ తాళం గట్టిగా ఉంటుంది. నవంబర్‌లో నరికిన చెట్టు మీది గుడ్లకు ఇంకా చాలినంత చలి తగలదు, కాబట్టి క్రిస్మస్ గదిలో అవి పగిలే అవకాశం తక్కువ. ఈ సంగతి చెట్టును పారేసే దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

గొల్లభామ గుడ్లకు అంత గట్టి తాళం లేదు. ముందుకాళ్లు జోడించి దండం పెడుతున్నట్టు కనిపించే ఈ పురుగు, గుడ్లన్నిటినీ నురగలాంటి పదార్థంలో పెట్టి కొమ్మకు అతికిస్తుంది. ఆ నురగ గట్టిపడి అక్రోటు కాయంత గోధుమరంగు ముద్ద అవుతుంది. ఒక్కో ముద్దలో వంద నుంచి నాలుగు వందల దాకా గుడ్లుంటాయి. వెచ్చటి గదిలో కొన్ని వారాలుంటే అవన్నీ దాదాపు ఒకేసారి పగిలి, దోమంత పిల్లలు వందలాదిగా చెట్టంతా పరుచుకుంటాయి. తినడానికి ఏమీ దొరక్క ఒకదాన్నొకటి తింటాయి. థాంక్స్‌గివింగ్‌కే చెట్టు తెచ్చి సంక్రాంతి బొమ్మల కొలువు దాకా ఉంచే ఇళ్లలో ఈ దృశ్యం చూసే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ లెక్కకొచ్చేది చెట్టు గదిలో ఎన్ని వారాలుందన్నదే. గొల్లభామ మిగతా పురుగులను తినే మేలుజాతి. ముద్ద కనిపిస్తే ఆ కొమ్మను కత్తిరించి బయట పొదలో, నేలకు కాస్త ఎత్తున కట్టేస్తే సరిపోతుంది.

ఇల్లు వాటికి ఎందుకు సరిపడదు

మొదటి కారణం తిండి. సినారా పేనుబంకకు పైన్, ఫర్, స్ప్రూస్ లాంటి చెట్ల రసం తప్ప వేరే ఆహారం లేదు. అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో చలికాలం రాగానే కరివేపాకు, తులసి, మల్లె కుండీలను లోపలికి తెచ్చి కిటికీ దగ్గర పెడతారు. క్రిస్మస్ చెట్టు పేనుబంక వాటిని ముట్టదు. ఆ కుండీల మీద డిసెంబర్‌లో పిండినల్లి, పొలుసు పురుగు కనిపిస్తే అవి కుండీలతోనే లోపలికి వచ్చినవై ఉంటాయి. వాటిని తినే బయటి పురుగులు లేకపోవడం, గది వెచ్చగా ఉండటం వల్ల పెరిగాయి. నేరం మాత్రం పక్కనున్న క్రిస్మస్ చెట్టు మీద పడుతుంది.

బియ్యం, పప్పుల విషయమూ అంతే. ధాన్యంలో చేరే ముక్కపురుగు, పిండిలో గూళ్లు కట్టే చిన్న రెక్కల పురుగు పూర్తిగా వేరే జాతులు, ఫర్ చెట్టుతో వాటికి పని లేదు. అయితే పాప్‌కార్న్ దండలు, రంగు వేసిన గింజలు, పిండి బొమ్మలతో చెట్టును అలంకరించి, తర్వాత వాటినే అట్టపెట్టెలో దాచి మరుసటేడు వాడేవాళ్లు ఉన్నారు. పురుగు పట్టేది ఆ పెట్టెకు. అక్కడి నుంచి వంటింటి డబ్బాల దాకా రావడం పెద్ద విషయమేమీ కాదు.

రెండో కారణం గాలి. సున్నా డిగ్రీల దగ్గర గాలి, ఘనపు మీటరుకు సుమారు 5 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు. ఆ గాలినే ఇంట్లోకి తెచ్చి 21 డిగ్రీలకు వేడి చేస్తే, అది 18 గ్రాముల దాకా పట్టుకోగలిగినా దానిలో ఉన్నది ఆ 5 గ్రాములే. అంటే తేమ పాతిక శాతం దగ్గరికి పడిపోతుంది. పెదాలు పగలడం, తలుపు పిడి ముట్టుకుంటే షాక్ కొట్టడం దీనివల్లే. రెండు మిల్లీమీటర్ల పురుగు ఒంట్లో ఉన్న నీరు ఎంత? దాని పరిమాణంతో పోలిస్తే ఒంటి ఉపరితలం చాలా ఎక్కువ, నీరు ఆ ఉపరితలం నుంచే పోతుంది. బూజు తినే మెత్తటి పురుగులు, నల్లులు ఎండిపోయి చచ్చేది ఇలాగే. కిటికీ గట్టు మీద కదలకుండా పడి ఉండేవి చాలావరకు ఎవరూ చంపనివే.

చెట్టు పెట్టినప్పటి నుంచి ఇంట్లో ఒకరిద్దరికి తుమ్ములు, కళ్ల దురద మొదలైతే పురుగులను అనుమానించడం సహజం. కొమ్మల మీది బూజు, పుప్పొడి, దుమ్ము అందుకు ఎక్కువగా కారణం కావచ్చు. చెట్టును బయటే నీళ్లతో కడిగి, ఆరబెట్టి తెచ్చుకుంటే అది తగ్గుతుంది.

గుమ్మం దాటకముందు

పెద్ద అమ్మకం స్థలాల్లో, చెట్టును తామే నరుక్కునే తోటల్లో దులిపే యంత్రం ఉంటుంది. మొదలును దానిలో నిలబెడితే చెట్టును కొన్ని సెకన్లు గట్టిగా వణికిస్తుంది. రాలిపోయే ఎండు సూదులతో పాటు నిద్రలో ఉన్న పురుగులు, చిన్న గూళ్లు కింద పడతాయి. చాలామంది లైన్‌లో నిలబడాల్సి వస్తుందని ఈ పని వదిలేస్తారు. పురుగుల కోణంలో చూస్తే కొనుగోలు మొత్తంలో అన్నిటికన్నా విలువైన అర నిమిషం అదే. యంత్రం లేకపోతే పాత దుప్పటి మీద చెట్టును నిలబెట్టి, మొదలును నేలకు తాటించి చేత్తో ఊపినా కొంత ఫలితం ఉంటుంది. దులపడం వల చుట్టకముందే జరగాలి. వల బిగించాక కొమ్మలు ముడుచుకుపోతాయి, లోపలున్నవి లోపలే ఉంటాయి.

ఈ దులపడం ఎంత పని చేస్తుందో హవాయి అనుభవం చెబుతుంది. ఆ దీవుల్లో క్రిస్మస్ చెట్లు పెరగవన్నంత తక్కువ. ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల నుంచి కంటైనర్లలో ఓడ మీద వస్తాయి. వాటితో పాటు కందిరీగ రాణులు, నత్తలు దిగడం అక్కడి వ్యవసాయ శాఖకు ఏళ్ల తరబడి తలనొప్పి. రాణి ఒక్కటి బతికి బట్టకడితే వసంతంలో కొత్త పట్టు పెడుతుంది. అందుకే ఎగుమతి చేసే దగ్గరే చెట్లను దులిపే ఏర్పాటు, దిగే దగ్గర తనిఖీ పెట్టారు. మందు కొట్టడం కన్నా దులపడానికే పెద్దపీట వేయడం గమనించాల్సిన విషయం.

ఇంటికి తెచ్చాక ఒకటి రెండు రోజులు గ్యారేజీలోనో వసారాలోనో ఉంచమని సలహా ఇస్తారు. అక్కడ ఎంత చలి ఉందన్న దాన్ని బట్టి దీని ఫలితం మారుతుంది. మిన్నెసోటాలో గడ్డకట్టిన గ్యారేజీలో పెడితే పురుగు నిద్ర లేవదు. దులిపితే పడేవి పడతాయి, దాక్కున్నవి అలాగే ఉంటాయి. డాలస్‌లో డిసెంబర్ పగళ్లు తరచూ వెచ్చగానే ఉంటాయి కాబట్టి అక్కడి గ్యారేజీలో అవి మేలుకుని, కింద పరిచిన తెల్లటి దుప్పటి మీద కనిపిస్తాయి. చలి ప్రాంతాల్లో ఉండేవాళ్లు గడ్డకట్టనంత వెచ్చదనం ఉన్న చోటు ఎంచుకుంటే ఈ రెండు రోజుల ఆలస్యానికి అర్థం ఉంటుంది.

వెతకడానికి టార్చి కావాలి. సూదుల అడుగు భాగం, కొమ్మ కాండాన్ని కలిసే చోటు, మొదలు చుట్టూ చూడాలి. గుడ్ల ముద్ద ఉన్న కొమ్మను కత్తిరించాలి. పక్షి గూడు ఉంటే, చూడ్డానికి ముచ్చటగా ఉన్నా తీసేయడమే మంచిది. పక్షుల ఒంటి మీది నల్లులు, పేలు అందులో మిగిలి ఉండవచ్చు.

స్టాండులోని నీళ్ల గురించి ఒక మాట. చెట్టు ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుందని పంచదార, కూల్‌డ్రింక్, ఆస్పిరిన్ కలిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. మొదలును అంగుళం మేర కోసి మామూలు కుళాయి నీళ్లు పోస్తే చాలు. తీపి నీళ్లకు చీమలు వస్తాయి, అప్పుడు అవీ చెట్టుతోనే వచ్చాయని అనుకుంటారు.

స్ప్రే ఎందుకు వద్దు

పురుగు కనిపించగానే చేయి వెళ్లేది స్ప్రే డబ్బా మీదికి. ఇక్కడ అది రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. చాలా ఎరోసాల్ డబ్బాల్లో మందును బయటికి నెట్టే వాయువు మండే రకం. దాన్ని వెలుగుతున్న బల్బుల మధ్య, ఎండుతున్న నూనె సూదుల మీద కొట్టడం అగ్ని ప్రమాదాన్ని చేజేతులా పిలవడమే. అమెరికాలో అగ్నిమాపక నిపుణులు క్రిస్మస్ చెట్టును ఏ వేడి పరికరానికైనా కనీసం మూడడుగుల దూరంలో పెట్టమంటారు. అలాంటిది చెట్టుకే మండే పొగ పట్టించడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. రెండోది, మందు కొమ్మల లోపలికి, గుడ్ల ముద్దలోకి, పొలుసుల కిందికి చేరదు. పైన కనిపించేవి చస్తాయి, అవి ఎలాగూ చచ్చేవే. మిగిలేది అదే గదిలో నేల మీద ఆడుకునే పిల్లల చేతులకు, కింద పెట్టిన బహుమతుల మీదికి చేరే మందు.

వేపనూనె సహజమైంది కదా అని కొందరు అడుగుతారు. పొలంలో అది ఉపయోగపడటానికి కారణాల్లో ఒకటి, తిన్న పురుగు ఎదుగుదలను రోజుల తరబడి దెబ్బతీయడం. వారంలో ఎండిపోయి చచ్చే పురుగు మీద ఆ నిదానమైన మందుకు పనే లేదు. పైగా సూదుల మీద నూనె పొర, గదంతా వాసన, గోడల మీద మరకలు. కలరా ఉండలు చెట్టు కింద పెట్టడం అంతకన్నా పనికిరాని ఆలోచన. వాటి ఆవిరి మూసిన పెట్టెలో పనిచేస్తుంది, హాల్లో మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పనిచేసేది వాక్యూమ్ క్లీనర్. మెత్తటి బ్రష్ తగిలించి గోడ, కిటికీ, నేల మీదున్న వాటిని లాగేయాలి. నలపకూడదు, తుడవకూడదు. లోపలికి వెళ్లినవన్నీ చావవు కాబట్టి సంచిని వెంటనే తీసి బయటి చెత్తడబ్బాలో వేయాలి. గట్టి నేల మీదైతే సబ్బు నీళ్లలో ముంచిన కాగితంతో ఎత్తినా సరిపోతుంది. ఈ పని మూడు నాలుగు రోజులకు మించి అవసరమయ్యే సందర్భాలు తక్కువే.

ప్లాస్టిక్ చెట్టు, కుండీ చెట్టు, సరుగుడు కొమ్మ

పురుగుల భయంతో ప్లాస్టిక్ చెట్టుకు మారిపోవడం ఒక పరిష్కారంలా కనిపిస్తుంది. ఏడాదిలో పదకొండు నెలలు అటకలో, గ్యారేజీలో ఉన్న పెట్టెలో వెండిచేపలనే (సిల్వర్‌ఫిష్) చిన్న పురుగులు, సాలెపురుగులు, కొన్నిసార్లు ఎలుకలు కాపురం పెడతాయి. ఇవి అసలు చెట్టు పురుగుల్లా కావు, ఇంట్లో బతకడం వచ్చినవి. అసలు కర్రను కాండంగా బిగించి చైనాలో తయారు చేసిన కృత్రిమ చెట్లలో కలప తొలిచే పొడుగు మీసాల పెంకు పురుగు దొరికి, అమెరికా వ్యవసాయ శాఖ వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించిన సందర్భమూ ఉంది. చలిమంట కోసం ఇంట్లో పేర్చుకునే కట్టెలు కూడా పురుగులను మోసుకొస్తాయి. ఆ కట్టెల గురించి ఎవరూ వాట్సాప్ గ్రూపుల్లో అడగరు.

వేళ్లతో, మట్టి ముద్దతో అమ్మే బతికున్న చెట్టుతో ఇంకో సమస్య. చీమలు, మట్టిలో ఉండే చిన్న ఈగలు దానితో వస్తాయి. వారం, పది రోజులకు మించి లోపల ఉంచితే చెట్టు కూడా చలినిద్ర నుంచి లేచి చిగురు వేసి, బయట నాటగానే మంచుకు మాడిపోతుంది. ఆ గడువు పాటిస్తే చెట్టూ బతుకుతుంది, గుడ్లు పగిలే వ్యవధీ దొరకదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫర్ చెట్లు పెరగవు కాబట్టి ఈ సమస్య ఇక్కడ వేరే రూపంలో ఉంటుంది. కోస్తాలో సరుగుడు తోటలు దగ్గరున్న ఊళ్లలో, కొమ్మో చిన్న చెట్టో నరికి తెచ్చి నక్షత్రాలు కట్టడం పాత అలవాటు. పట్నాల్లో కడియం లాంటి నర్సరీల నుంచి వచ్చే అరకేరియా మొక్కను క్రిస్మస్ ట్రీ పేరుతో కుండీలో అమ్ముతారు. డిసెంబర్‌లోనూ ఇక్కడ పురుగులకు చలినిద్ర ఉండదు, ఇళ్లలో గాలి అంత పొడిగానూ ఉండదు. కాబట్టి ‘నాలుగు రోజుల్లో ఎండి చస్తాయి’ అనే అమెరికా లెక్క ఇక్కడ వర్తించదు. సరుగుడు కొమ్మతో ప్రధానంగా వచ్చేవి చీమలు. నేల మీద దబదబా కొట్టి తెస్తే పోతాయి. అరకేరియా కుండీకి పిండినల్లి పడితే మాత్రం అది పక్కనున్న మందారానికీ పాకుతుంది, ఎందుకంటే పిండినల్లిలో చాలా రకాలకు ఫలానా మొక్కే కావాలనే పట్టింపు లేదు. కొనేటప్పుడు కొమ్మల కణుపుల దగ్గర తెల్లటి పిండి ఉందేమో చూసి, ఇంటికి తెచ్చాక వారం పాటు మిగతా మొక్కలకు దూరంగా పెట్టడం మేలు.

జనవరిలో చెట్టు ఎక్కడికి పోతుంది

ఇంటికి హాని చేయని పురుగే ఊరికి హాని చేయగలదు. ఈ తేడా అర్థం కావడానికి 2018లో విస్కాన్సిన్‌లో జరిగింది చూడాలి. నార్త్ కరోలినాలో పెరిగి అక్కడికి వచ్చిన ఫ్రేజర్ ఫర్ చెట్లు, పచ్చటి తోరణాల మీద ఎలాంగేట్ హెమ్లాక్ స్కేల్ అనే పొలుసు పురుగు కనిపించింది. జపాన్ నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్ ప్రాంతానికి చేరిన పురుగు ఇది. సూదుల అడుగున గోధుమరంగు పొక్కుల్లా అతుక్కుని రసం పీలుస్తుంది. ఇంట్లో ఉన్నంతసేపు దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. కానీ పండగయ్యాక ఆ చెట్టును పెరటి మూలకో, దగ్గర్లోని అడవి అంచుకో విసిరేస్తే, వసంతంలో పొదిగిన పిల్లలు గాలికి ఎగిరి స్థానిక హెమ్లాక్, ఫర్ చెట్లకు చేరవచ్చు. అందుకే అక్కడి అధికారులు ఆ చెట్లను ఎరువు గుంటలో వేయొద్దని, కాల్చేయడమో సంచిలో కట్టి చెత్తకు ఇవ్వడమో చేయమని కోరారు.

స్పాంజీ మాత్ గుడ్ల తాళం ఇక్కడే తెరుచుకుంటుంది. వెచ్చటి గదిలో పగలని గుడ్లు, జనవరి నుంచి బయట చలి తిని, ఏప్రిల్‌లో ఎండ తగలగానే పొదగబడతాయి. 1869లో మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో ఒక వ్యక్తి పెంపకం నుంచి తప్పించుకున్న ఈ రెక్కల పురుగు అమెరికా ఈశాన్యమంతా పాకి, ఓక్ అడవులను ఆకు లేకుండా చేస్తోంది. అది ఉన్న ప్రాంతాల నుంచి క్రిస్మస్ చెట్లు బయటికి పోవాలంటే తనిఖీ తప్పనిసరి. 2014లో పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీలో మొదటిసారి కనిపించిన స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై కూడా ఈ జాబితాలోనిదే. దానికి ఫర్ చెట్టు ఆహారం కాదు, కానీ గుడ్లు పెట్టడానికి ఏ కాండమైనా, కారు బంపరైనా ఒకటే. బూడిదరంగు బురద చారలా కనిపించే ఆ గుడ్ల ముద్దలో 30 నుంచి 50 దాకా గుడ్లుంటాయి. న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లకు ‘కనిపిస్తే తొక్కేయండి’ అనే ప్రభుత్వ ప్రచారం గుర్తుండే ఉంటుంది.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు పచ్చి కరివేపాకు తేవద్దని అమెరికా విమానాశ్రయాల్లో పట్టుబట్టడం వెనకున్న లెక్కా ఇదే. ఆ ఆకు వంటింటికి హాని చేస్తుందని కాదు. దాని మీద వచ్చే సిల్లిడ్ పురుగు నిమ్మ, నారింజ తోటలకు మందు లేని తెగులును మోసుకెళ్తుంది. పురుగు ప్రమాదాన్ని అది దిగిన ఇంటితో కాక, తర్వాత చేరే చోటుతో కొలుస్తారు.

అమెరికాలో చాలా నగరాలు జనవరి మొదటి రెండు వారాల్లో పాత చెట్లను రోడ్డు పక్క నుంచి ప్రత్యేకంగా సేకరించి, ముక్కలు చేసి పార్కుల్లో మొక్కల మొదళ్లలో పరుస్తాయి. సన్నటి ముక్కలుగా చేసే యంత్రంలో చాలా గుడ్లు నలిగిపోతాయి. ఆ సేకరణకు ఇచ్చే ముందు లైట్లు, తీగలు, ప్లాస్టిక్ సంచి తీసేయాలి. స్థానిక అధికారులు ఫలానా పురుగు గురించి హెచ్చరిక ఇచ్చి ఉంటే మాత్రం ముక్కలు చేయడానికి ఇవ్వకుండా వాళ్లు చెప్పిన పద్ధతే పాటించాలి. చలిమంట గూట్లో వేసి కాల్చేయడం సులువనిపిస్తుంది గానీ, ఫర్ కొమ్మల్లోని జిగురు ఒక్కసారిగా భగ్గుమంటుంది, ఇంటి పొగగొట్టంలో మసి పేరుకుపోతుంది. కాల్చాల్సి వస్తే ఆరుబయట, అనుమతి ఉన్న చోటే కాల్చాలి. పెరట్లో పక్షులకు ఆసరాగా ఉంటుందని చెట్టును నిలబెట్టి ఉంచేవాళ్లు, అది వేరే రాష్ట్రం నుంచి వచ్చిందో స్థానిక తోటలో నరికిందో కొన్న చోటే అడిగి తెలుసుకోవాలి. స్థానికంగా పెరిగిందైతే దాని మీదున్నవి ఆ ఊళ్లో ముందునుంచీ ఉన్నవే కాబట్టి అభ్యంతరం తక్కువ. దూరం నుంచి వచ్చిన చెట్టును మాత్రం మార్చి ఎండలు రాకముందే పెరటి నుంచి తీసేయాలి.